ఆపదలో అడుగు ముందుకు వేసేవారు

వ్యక్తిత్వ వికాసం గురించి తెలుగులో వెలువడే గ్రంథాలు లక్ష్యసాధనకూ సమయపాలనకూ వాక్చాతుర్యానికీ ఇచ్చినంత చోటును, తనకేమీ కాని మనిషి ప్రాణం కోసం తన ప్రాణాన్ని ఒడ్డే గుణానికి ఇవ్వలేదు. ఆ గుణం పుట్టుకతో రావాలేగాని నేర్చుకుంటే అబ్బేది కాదన్న నమ్మకం ఇందుకు ఒక కారణం కావచ్చు. ఆ నమ్మకం నిజం కాదనడానికి తీరప్రాంతాల జీవితమూ, గత అరవై ఏళ్ల మనస్తత్వశాస్త్ర పరిశోధనా తగినంత ఆధారం చూపుతున్నాయి. ఇక్కడ ప్రాణరక్షకుడు అంటే ఉద్యోగధర్మంగా గాని, ప్రతిఫలం ఆశించిగాని కాక, ఆ క్షణంలో అక్కడ ఉన్నందువల్ల, చేతనైనందువల్ల ముందుకు కదిలిన సామాన్యుడని అర్థం చేసుకోవాలి.

ఇటువంటి మనుషులు ఎందుకు అవసరమో శ్రీహరికోట పరిసరాలను చూస్తే తెలుస్తుంది. తూర్పున బంగాళాఖాతం, పడమర పులికాట్ సరస్సు ఉండగా నడుమ సన్నని ఇసుక దీవిగా సాగిన ఈ నేల, 1971 అక్టోబరులో తొలి రాకెట్ ఎగిరిన నాటి నుంచి ప్రపంచానికి అంతరిక్ష కేంద్రంగానే పరిచయం. చుట్టుపక్కల పట్టపు మత్స్యకారులకూ యానాదులకూ మాత్రం ఇది తరతరాలుగా నీటితో బతుకు ముడిపడిన చోటు. 1984 నవంబరులో తీవ్ర తుపాను ఈ దీవికి సమీపంలోనే తీరం దాటింది. 2004 డిసెంబరు 26న సునామీ అలలు తీరంపై విరుచుకుపడినప్పుడు, పెద్దగంజాం నుంచి చెన్నై వరకు సముద్రానికి సమాంతరంగా సాగే బకింగ్‌హామ్ కాలువ ఎగసివచ్చిన నీటిని తనలోకి తీసుకుని ఎందరో మత్స్యకారులను కాపాడిందని ఆ తరువాత శాస్త్రవేత్తలు నమోదు చేశారు. ఆ నీరు పది పదిహేను నిమిషాల్లోనే తిరిగి సముద్రంలోకి మళ్లింది. అంత తక్కువ వ్యవధిలో ఏ రక్షణ దళమూ ఏ జిల్లా కేంద్రం నుంచీ చేరుకోలేదు; మునుగుతున్నవాడికి పక్కనున్నవాడే దిక్కు.

ఈ మాటకు తెలుగునేలపై ఇటీవలి కాలంలో దొరికే బలమైన నిదర్శనం గోదావరిలో ఉంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ అనే పర్యాటక బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగిపోయింది. ఆనాడు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద, అంటే సెకనుకు 5 లక్షల ఘనపుటడుగుల నీరు ప్రవహిస్తోంది. నది కొండల మధ్య ఇరుకై మలుపు తిరిగే ఆ చోట సుడులు బలంగా ఉంటాయి. బోటు ఒరిగిపోవడం చూసిన సమీప గిరిజన గ్రామాలవారు తమ చిన్న పడవలను ఆ వరదలోకే దించి, నీటిపై తేలుతున్నవారిని పట్టి గట్టుకు చేర్చారు. ఆ ప్రమాదం నుంచి ప్రాణాలతో బయటపడినవారు 26 మంది. పెద్ద బోటునే తిప్పి ముంచిన సుడిలోకి చిన్న పడవను తోయడమంటే ఏమిటో ఆ పడవ నడిపేవారికి తెలియనిది కాదు. రేవు లోతూ, నీటి వాలూ, సుడి ఎక్కడ లాగుతుందో ఎక్కడ విడుస్తుందో వారికి నిత్యం నడిచే దారిలాగే తెలుసు. వారి తెగువకు దన్నుగా నిలిచింది ఈ తెలివిడే. తరువాత, ఎందరు ప్రయత్నించినా చిక్కని ఆ బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లూ ఇనుప తాళ్లూ వాడి అక్టోబరు 22న వెలికితీయడం కూడా అటువంటి అనుభవజ్ఞానం చేసిన పనే.

ఆపదలో కొందరు కదలడానికీ కొందరు కాళ్లూచేతులూ ఆడక నిలబడిపోవడానికీ కారణమేమిటన్న ప్రశ్నను మనస్తత్వశాస్త్రజ్ఞులు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. 1968లో బిబ్ లతానే, జాన్ డార్లీ అనే అమెరికన్ పరిశోధకులు, చూసేవారి సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరిలో బాధ్యత పలచబడుతుందని ప్రయోగాలతో చూపారు. దీన్నే ప్రేక్షక ప్రభావం అంటారు. గుంపు ఎప్పుడూ గుడ్లప్పగించి చూస్తుందనే నిరాశావాదం ఈ సిద్ధాంతం చాటున లోకంలో స్థిరపడింది. అయితే బ్రిటన్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికా నగరాల వీధుల్లో జరిగిన గొడవల నిఘా కెమెరా దృశ్యాలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం, పదింట తొమ్మిది సందర్భాల్లో కనీసం ఒక్కరైనా కల్పించుకున్నారనీ, జనం ఎక్కువయ్యేకొద్దీ ఎవరో ఒకరు ముందుకు వచ్చే అవకాశం పెరిగిందనీ తేల్చింది. మనుషుల మీద నమ్మకాన్ని నిలిపే ఈ ఫలితం, పాత సిద్ధాంతానికి దక్కిన ప్రచారంలో కొంతైనా పొందవలసింది.

ప్రాణాలకు తెగించినవారు ఆ క్షణంలో ఏమి ఆలోచిస్తారన్నది మరో ప్రశ్న. అమెరికాలో 1904 నుంచి ఇటువంటి సామాన్యులను సత్కరిస్తున్న కార్నెగీ హీరో నిధి పతకాలు పొందినవారి మాటలను డేవిడ్ రాండ్, జివ్ ఎప్‌స్టీన్ అనే పరిశోధకులు 2014లో విశ్లేషించగా, వారిలో అత్యధికులు లాభనష్టాలు బేరీజు వేసుకోకుండానే కదిలినట్లు వెల్లడైంది. వెనుకాముందు చూడకుండా చేసిన పని కాబట్టి అది కేవలం ఆవేశమని కొట్టిపారేయడం పొరపాటు. ఆలోచనకు వ్యవధి లేని క్షణంలో మనిషి చేత పని చేయించేది అంతకు ముందు ఏళ్ల తరబడి అతనిలో స్థిరపడిన స్వభావమూ అలవాటూ కనుక, ఆ క్షణం అతని గత జీవితానికి పెట్టే పరీక్ష అవుతుంది.

ఆ స్వభావం ఎక్కడ ఏర్పడుతుందో శామ్యూల్ ఆలినర్, పెర్ల్ ఆలినర్ దంపతుల పరిశోధన విశదం చేస్తుంది. నాజీల పాలనలో యూదులను తమ ఇళ్లలో దాచి కాపాడిన వందలాది సామాన్యులను, కాపాడని వారితో పోల్చి చూసి, 1988లో వెలువరించిన గ్రంథంలో వారు ఒక ముఖ్యమైన తేడాను గుర్తించారు. కాపాడినవారి తల్లిదండ్రులు పిల్లలు తప్పు చేసినప్పుడు కొట్టి లొంగదీయడం కంటే, ఆ తప్పు వల్ల ఎదుటివారికి కలిగిన బాధను వివరించి చెప్పడం ఎక్కువ. ‘మనవాళ్లు’ అనే పరిధిని జాతికీ మతానికీ ఊరికీ పరిమితం చేయకుండా పెంచడం ఎక్కువ. ఇంతకన్నా విలువైన ఫలితం పెంపకం గురించిన పరిశోధనల్లో అరుదు. పక్కింటి పిల్లవాడు పడి ఏడుస్తుంటే ‘మనకెందుకులే’ అని చేయి పట్టి లాక్కుపోయే ప్రతి సారీ, ఆ పరిధి బిడ్డ మనసులో కాస్త ముడుచుకుపోతుంది.

మంచి మనసు ఒక్కటే చాలదు. మునుగుతున్న మనిషి భయంతో దొరికినదాన్నల్లా కావలించుకుంటాడు కాబట్టి, ఈత వచ్చినవాడైనా సూటిగా దగ్గరికి వెళ్తే అతనితోపాటు మునిగిపోయే ప్రమాదం ఉంది. చెరువులో బిడ్డ కోసం తల్లి, తల్లి కోసం తండ్రి వరుసగా దిగి ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు ప్రతి వేసవిలోనూ వస్తూనే ఉంటాయి. అందుకే నీటి రక్షణలో శిక్షణ ఇచ్చేవారు, ముందు గట్టు నుంచే వెదురు గడ అందించాలనీ, అది అందకపోతే తాడు గాని, నీటిపై తేలే వస్తువు గాని విసరాలనీ, అదీ కుదరకపోతే పడవలో వెళ్లాలనీ, నీటిలో దిగడం చిట్టచివరి మార్గమనీ నేర్పుతారు. పూర్వం బావుల్లో ఈత నేర్చుకునేవారు నడుముకు కట్టుకున్న ఎండు సొరకాయ బుర్ర వంటిదే, నేడు మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా; దానికి ఒక తాడు కట్టి రేవులో వేలాడదీస్తే అదే రక్షణ సాధనం. ఈ జాగ్రత్తలన్నీ తెలిసినా ప్రమాదం పూర్తిగా తొలగదు. 2021 నవంబరు పెన్నా వరదల్లో నెల్లూరు జిల్లా దామరమడుగు వద్ద బాధితులను కాపాడుతూ రాష్ట్ర విపత్తు స్పందన దళానికి చెందిన కానిస్టేబుల్ ఒకరు ప్రాణాలు కోల్పోయారు. శిక్షణ పొందినవారికే ఇంత ముప్పు ఉన్నప్పుడు, శిక్షణ లేని తెగువను పొగిడి ఊరుకోవడం బాధ్యత అనిపించుకోదు.

శ్రీహరికోట నుంచి ఎగిరిన, స్థానాన్ని గుర్తించడానికి తోడ్పడే నావిక్ ఉపగ్రహాలు ఇప్పుడు ఈ పనిలో ఒక చేయి వేస్తున్నాయి. ఇస్రో రూపొందించిన ఆపద సంకేత పరికరం మీట నొక్కితే, నడిసముద్రంలోని పడవ ఉనికి ఉపగ్రహం ద్వారా నియంత్రణ కేంద్రానికి, అక్కడి నుంచి తీర రక్షక దళానికి చేరుతుంది. రెండో తరం పరికరంలో, సంకేతం అందిందన్న కబురు నావిక్ ద్వారా తిరిగి పడవకు వస్తుంది. అయితే ఆ సంకేతం అందేసరికి చాలా సందర్భాల్లో అందరికన్నా చేరువలో ఉండేది వల వేసుకుంటున్న మరో మత్స్యకారుడి పడవే.

సాటి మనిషి ప్రాణం కాపాడిన సామాన్యులకు భారత ప్రభుత్వం 1961 నుంచి సర్వోత్తమ్, ఉత్తమ్ సహా మూడు శ్రేణుల్లో జీవన్ రక్షా పతకాలు ఇస్తోంది. రోడ్డు ప్రమాద బాధితుడిని ఆసుపత్రికి చేర్చినవారిపై సివిల్ గాని క్రిమినల్ గాని బాధ్యత మోపరాదని 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 134ఎ సెక్షన్ స్పష్టం చేసింది; వారిని పేరు చెప్పమని నిర్బంధించరాదని ఆ సెక్షన్ కింద రూపొందిన నిబంధనలు చెబుతున్నాయి. పోలీసు కేసుల భయంతో ముందుకు రానివారికి ఆ భయం ఇక అక్కరలేదు. మిగిలింది నేర్పు ఒక్కటే కనుక, పాఠకులు గుండె ఆగినవారి ఛాతీపై ఒత్తుతూ, వైద్యం అందేవరకు రక్తప్రసరణను కొనసాగించే సీపీఆర్ పద్ధతిని సమీపంలోని రెడ్‌క్రాస్ శాఖలోనో ఆసుపత్రిలోనో నేర్చుకోవాలి, ఇంట్లో పిల్లలకు పెద్దల పర్యవేక్షణలో ఈత నేర్పించాలి, తమ ఊరి చెరువు గట్టున ఒక తాడూ ఒక వెదురు గడా ఎప్పుడూ అందుబాటులో ఉండేలా పంచాయతీని అడగాలి.