గబ్బిలంలో అలంకారం ఎక్కడుంది?

పరీక్షలో అలంకారం గుర్తించమంటే మనం మొదట వెతికేది 'వలె' ఉందా, 'వోలె' ఉందా అని. ఉంటే ఉపమ అని రాసేసి తరువాతి ప్రశ్నకు పోతాం. మేమూ అలాగే మార్కులు తెచ్చుకున్నాం. లక్షణం కంఠతా వచ్చేది, పద్యం మాత్రం అర్థమయ్యేది కాదు. ఆ లోటు మాకు తెలిసింది గుర్రం జాషువా గారి 'గబ్బిలం' చదివాకనే. 1895లో వినుకొండలో పుట్టిన ఆ మహాకవి ఈ కావ్యాన్ని 1941లో వెలువరించారు.

ఒక రాత్రి స్టడీ అవర్లో మన హాల్లోకి గబ్బిలం దూరింది. చీపురుకట్టలు, తువ్వాళ్ళు పట్టుకుని అందరం దాని వెంటపడ్డాం. అపశకునమని ఒకడు, ముఖానికి పట్టుకుంటే వదలదని మరొకడు! అటువంటి ప్రాణిని జాషువా గారు ఎందుకు పిలిచినట్టు?

కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపాడు. తరువాతి కవులు హంసను, చిలుకను పంపారు. అన్నీ అందమైన దూతలే. ఇక్కడ పంపేవాడు అంటరానివాడు. సందేశం ప్రియురాలికి కాదు, కాశీలోని శివుడికి. గుడి గడప అతడు దాటరానిది. గబ్బిలాన్ని మాత్రం ఎవరూ ఆపరు. గుడి కప్పుకు వేలాడుతూ దేవుడి చెవి దగ్గరే ఉంటుంది. మనిషికి లేని ప్రవేశం దానికి ఉంది. ఈ ఎత్తిపొడుపు ఒక్క పద్యానికి పరిమితం కాదు, కావ్యమంతా దాని మీదే నడుస్తుంది. చెప్పిన మాట వెనుక తగిలే ఈ రెండో మాటనే పెద్దలు ధ్వని అన్నారు. గబ్బిలం పక్షి కాదని సైన్సు మాస్టారు అంటారు. ఎగురుతున్నా పక్షుల లెక్కలోకి రాని ప్రాణి! అదీ ఊరికే కుదిరిందని మేము అనుకోము.

అదే కావ్యంలో హైందవ సమాజం నాలుగు పడగల పాముగా కనబడుతుంది. రూపకం అని రాస్తే మార్కు వస్తుంది. కానీ నాలుగే ఎందుకు? వర్ణాలు నాలుగు గనుక. అయిదోవాడికి పడగ లేదు, కాటు ఉంది. పాము లాంటిది అంటే కొంచెం సందు మిగిలేది. కవి ఆ సందు ఉంచలేదు.

ఇక మన నందివాడ సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు 'ఊరు చెరువైంది' అని అందరూ అన్నారు. ఇది రూపకమా? ఉన్నది ఉన్నట్టు చెప్పిన స్వభావోక్తా? ఈ వ్యాసం రాస్తూ మాలో మేము గంటసేపు వాదించుకున్నాం. గట్టు తెగి చేపలన్నీ పోయిన ఇంటివాడు మాత్రం ఇందులో అలంకారమే లేదన్నాడు.