బిడ్డను ఎత్తుకునే చేతులు: ఇంట్లో పనిచేసే ఆమె, మన పిల్లల పెంపకం

తల్లిదండ్రులు ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, అమ్మమ్మో నాయనమ్మో దగ్గర లేకపోతే, పసిబిడ్డ పగలంతా ఎవరి చేతుల్లో ఉంటుంది? జీతానికి వచ్చే ఆయా చేతుల్లో, లేదా పనిమనిషి చేతుల్లో. పిల్లల ఓ.పి.లో "పాప ఏం తిన్నది? ఎన్నిసార్లు విరేచనమైంది?" అని మేము అడిగితే, చాలామంది తల్లులు పక్కనున్న ఆయా వైపు చూస్తారు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కానీ బిడ్డ పెంపకంలో ఆమెకూ భాగం ఉందని గుర్తించి, అందుకు తగినట్టు మనం నడుచుకోవాలి.

మాటలు ఎలా వస్తాయి?

బిడ్డ "ఊ" అంటే ఎవరో ఒకరు నవ్వి బదులు పలకాలి. మాటలు, తెలివి పెరిగేది ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే. టీవీ ముందు, సెల్‌ఫోన్ ముందు కూర్చోబెడితే బదులు పలికేవారు ఉండరు. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఈ సంగతి ఆయాకు ఓపికగా వివరించండి. ఆమె యాస వల్ల బిడ్డ మాట పాడవుతుందని కొందరు భయపడతారు. ఆ భయం అక్కరలేదు. ఆమె పాడే జోలపాట, చెప్పే కథ బిడ్డకు మేలే చేస్తాయి. ఏ యాసలోనైనా ఎక్కువ మాటలు విన్న బిడ్డకు మాటలు బాగా వస్తాయి.

అలవాటైన మనిషి వెళ్లిపోతే

జాన్ బౌల్బీ (1907–1990) ఇంగ్లండుకు చెందిన మానసిక వైద్యుడు. తల్లీబిడ్డల అనుబంధం గురించి ఆయన రాసిన నివేదికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1951లో ప్రచురించింది. చిన్నప్పుడు ఆయనను ఎక్కువగా పెంచినది ఇంట్లో పనిచేసే దాది. ఆయనకు నాలుగేళ్లు నిండబోతుండగా ఆమె పని మానేసి వెళ్లిపోయింది. ఆ ఎడబాటును ఆయన తరువాత తల్లిని పోగొట్టుకోవడంతో పోల్చాడు.

అందుకే మాటిమాటికీ ఆయాను మార్చకండి. మార్చక తప్పకపోతే పాత ఆమె ఉండగానే కొత్త ఆమెను కొన్ని రోజులు అలవాటు చేయండి. వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లనివ్వండి. ఆ రోజుల్లో బిడ్డ అన్నం మానేసినా, రాత్రి ఉలిక్కిపడి లేచినా, పక్క తడిపినా కొట్టకండి. దగ్గరకు తీసుకోండి. బిడ్డ ఆమెను ప్రేమిస్తే తల్లి మీద ప్రేమ తగ్గిపోదు. మీరు ఇంటికి రాగానే ఫోను పక్కనపెట్టి ఒక అరగంట బిడ్డతో గడపండి. రాత్రి అన్నం, నిద్రపుచ్చడం మీ చేతుల మీదుగా జరగనివ్వండి.

భయం పెడితే బిడ్డకే ప్రమాదం

బిడ్డ మంచం మీద నుంచి పడిందనుకోండి. తిడతారనీ, జీతం కోస్తారనీ భయం ఉంటే ఆమె చెప్పదు. తలకు దెబ్బ తగిలిన తరువాత వాంతులు, మగత, ఫిట్స్ వస్తే గంటలు లెక్కలోకి వస్తాయి. ఏం జరిగిందో తెలియకపోతే వైద్యం ఆలస్యమవుతుంది. "ఏం జరిగినా వెంటనే ఫోన్ చెయ్యి, నేను తిట్టను" అని ముందే చెప్పండి, ఆ మాట మీద నిలబడండి. మీ నంబరు, 108 గోడ మీద పెద్దగా రాసి ఉంచండి. నిద్రపుచ్చడానికి దగ్గు మందు తాగించకూడదని కూడా చెప్పండి. పసివాళ్లకు దానివల్ల ఊపిరి మందగించవచ్చు.

ఆమె ఆరోగ్యం మన ఆరోగ్యమే. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే టీబీ పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. టీబీ అని తేలితే బిడ్డను కూడా డాక్టరుకు చూపించండి. జబ్బు కారణంగా ఆమెను పనిలోనుంచి తీసేస్తే ఇంకొకరు దగ్గును దాచిపెడతారు.

పిల్లలు చూసి నేర్చుకుంటారు

ఆమెకు వేరే గ్లాసు, "ఏయ్" అనే పిలుపు ఉన్న ఇంట్లో నాలుగేళ్ల పిల్లవాడు కూడా ఆమెను "ఒసే" అంటాడు. మనిషిని తక్కువగా చూడటం వాడు ఆమె దగ్గర కాదు, మన దగ్గర నేర్చుకున్నాడు. అక్క, పిన్ని, అవ్వ అని వయసుకు తగిన వరుసతో పిలిపించండి. ఆమె "వద్దు నాన్నా" అన్నదానికి మీరు "పరవాలేదులే" అనకండి. మీ బిడ్డను చూసుకునే ఆమెకు ఇంటి దగ్గర తన బిడ్డలు ఉంటారు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వండి.

బిడ్డను ఆడించడానికని చిన్నపిల్లను పెట్టుకోకండి. 14 ఏళ్లలోపు పిల్లలను ఇంటి పనికి పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరు 10 నుంచి నిషేధించారు. పదేళ్ల పిల్ల చంకలో మన బిడ్డ ఉందంటే, అక్కడ చూసుకోవలసిన బిడ్డలు ఇద్దరు. అలాంటి పిల్ల కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి.

ఇంట్లో మాట్లాడుకోండి

1. మన ఇంట్లో పనిచేసే ఆమెను పిల్లలు ఏమని పిలుస్తున్నారు?
2. పొరపాటు జరిగితే ఆమె భయం లేకుండా మనకు చెప్పగలదా?
3. ఆమె పిల్లలు ఏ తరగతి చదువుతున్నారో మనకు తెలుసా?