రాయి కన్నా ముందు గోడ సంగతి

హోసూరు,
కార్తీక మాసం

కవితా,

నీ ఫోటోలు చేరాయి. మీ ఇంటి ముందు గోడ, ధర్మపురి షాపులో నువ్వు ఎంచుకున్న రాతి పలకలు, ఆ పలకలే అంటించిన ఎవరిదో ఇంటి ఎలివేషన్, అన్నీ చూశాను. మీ అత్తకూ చూపించాను. ఆవిడకు రాయి తెగ నచ్చింది. నా కన్ను మాత్రం గోడ మీదే పడింది. కిటికీ సజ్జా కింద నుంచి బేస్‌మెంట్ దాకా రంగు పొక్కి, అక్కడక్కడ తెల్లగా ఉప్పు పూసి ఉంది. పైన పిట్టగోడ దగ్గర మొదలైన సన్నటి పగులు సజ్జా దాకా దిగింది. "రాయి వేస్తే ఈ మరకలు కూడా కనబడకుండా పోతాయి కదా మామయ్యా" అని రాశావు చూడు, ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే నీకు సగం, మేస్త్రికి పావు చేరి, మిగతాది గాలిలో కలిసిపోతుంది.

కనబడకుండా పోతాయి, నిజమే. తడి మాత్రం ఎక్కడికీ పోదు. ఇవాళ నీ గోడకు ఉన్నది మామూలు పూత, దాని మీద రంగు. దీపావళి వానకు తడుస్తుంది, సంక్రాంతి ఎండకు ఆరుతుంది. దాని మీద రాయి అంటించే పేస్టు, పేస్టు మీద రాయి వేశావంటే బయటివైపు ఆరే దారి చాలావరకు మూసినట్టే. నీళ్లు మాత్రం పిట్టగోడ మీద నుంచి, పగుల్లోంచి ఎప్పటిలాగే దిగుతూ ఉంటాయి. బయటికి పోలేని తడి హాల్లోకి వస్తుంది. వచ్చే ఏడాది సోఫా వెనక గోడ పొక్కాక, ఎందుకు పొక్కిందో చూద్దామంటే రాళ్లన్నీ పగలగొట్టాలి.

గోడకు రాతి ముఖం తొడగడం ఈ కాలపు షోకు అనుకోకు. అమరావతి మహాస్తూపం అలాగే కట్టారు. లోపల ఇటుక కట్టడం, దాని మీద తొడుగుగా పలనాటి సున్నపురాయి పలకలు. ఈ రోజు మనం శిల్పాలని మురిసిపోయేవాటిలో చాలా భాగం నిజానికి ఆ తొడుగే. 1790ల చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టించేటప్పుడు ఆ దిబ్బలోంచి రాళ్లూ ఇటుకలూ తీసుకుపోయారు. సర్వే అధికారి మెకంజీ దొర అప్పుడోసారి చూసి, 1816లో మళ్లీ వచ్చి ఉన్నవాటికి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే మరో దొర తవ్వించిన పలకలు మద్రాసు చేరాయి, వాటిలో చాలా పలకలు తర్వాత లండన్ కూడా వెళ్లాయి. మద్రాసులో మిగిలినవి ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ వాటిని గోడల్లో సిమెంటు పెట్టి బిగించారు. గోడలోని తడి, దాంతో వచ్చే ఉప్పు రాతిలోకి చేరి, శతాబ్దాలు ఎండావానా తట్టుకున్న పలకల పైపొరలు దెబ్బతినడం మొదలైంది. చెన్నై వెళ్లినప్పుడు పిల్లల్ని తీసుకెళ్లి చూపించు. శిల్పాన్ని అందరూ చూస్తారు, నువ్వు మాత్రం రాయి గోడను తాకే అంచు చూడు.

మీ ఊరి పక్కనే అదియమాన్‌కోట్టైలో చెన్నరాయ పెరుమాళ్ గుడి ఉంది కదా. అక్కడ రాయే గోడ. రాతి మీద రాయి కూర్చుని తన బరువు తనే మోసుకుంటుంది. నువ్వు చేయించబోయేది అది కాదు. ఇక్కడ రాయిని గోడ మోయాలి, గోడను పూత పట్టుకోవాలి, పూతను పేస్టు పట్టుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి వదిలినా రాయి కిందికి వస్తుంది. బరువు ఎంతో లెక్క చెబుతాను. 20 మిల్లీమీటర్ల గ్రానైటు పలక చదరపు అడుగుకు 5 కిలోలు తూగుతుంది. నువ్వు చెప్పిన 300 చదరపు అడుగులకు ఒకటిన్నర టన్ను. అంత బరువును ఉప్పు పూసి పొడి రాలుతున్న పూతకు వేలాడదీస్తావా? అది కూడా పిల్లలు ఆడుకునే వాకిలి మీద!

అందుకని ముందు గోడ పని. పిట్టగోడ నెత్తి మీద కడప రాయో గ్రానైటు పట్టీయో వేయించు. దాని వాలు డాబా వైపు ఉండాలి, వీధి వైపు కాదు. అంచు గోడ కన్నా ఒక అంగుళం ముందుకు వచ్చి, కింద సన్నటి గాడి ఉండాలి. ఆ గాడి లేకపోతే నీటి బొట్టు కింద పడకుండా రాతి అడుగునే పాకి మళ్లీ గోడ చేరుతుంది. సజ్జా అడుగున కూడా అదే గాడి. పగులును పైపైన పుట్టీ పూసి మూసేయనివ్వకు. దాన్ని వెడల్పుగా చెక్కి, దుమ్ము ఊది, పగుళ్లకు వాడే పాలిమర్ మసాలాతో నింపాలి. పొక్కిన పూతంతా ఇటుక కనబడేదాకా కొట్టేసి కొత్తగా పూయించు. ఈ పనులకు ఫోటోలో అందం రాదు కాబట్టి మేస్త్రీలు వీటిని ఎగరగొట్టేస్తారు. నువ్వు ఎగరగొట్టనివ్వకు.

పూత తడపడానికి మీ బోరు నీళ్లు వద్దు. ధర్మపురి జిల్లా భూగర్భజలం సంగతి నీకు తెలియంది కాదు, ఫ్లోరైడు బాధ పడలేకే కదా హొగేనకల్ నీళ్ల పథకం వచ్చింది! ఫ్లోరైడు గోడను ఏమీ చేయదు గానీ, ఆ బోర్ల నీళ్లలో కరిగి ఉన్న మిగతా లవణాలే తెల్లటి పూతగా బయటపడతాయి. కుళాయిలో కావేరి నీళ్లు వస్తే అవి పట్టి వాడుకో. ఇసుక కూడా కడిగిందే వేయమను.

అంతా అయ్యాక డాబా మీద నుంచి పైపు పెట్టి, పిట్టగోడ వెంబడి అరగంట నీళ్లు పారించు. మర్నాడు హాలు గోడకు అరచెయ్యి ఆనించి చూడు. చల్లగా, చెమ్మగా తగిలితే రాయి మాట ఎత్తొద్దు.

ఇక రాయి ఎంత మేరకు అన్నది. మొత్తం ముఖానికి వద్దంటాను. ఇది నా అభిరుచి కూడా అనుకో, దాచను. నేల నుంచి తల దాకా గరుకు రాయి వేసిన చిన్న ఇల్లు చూస్తే నాకు ఊపిరాడదు. కానీ మీ విషయంలో వేరే కారణం కూడా ఉంది. మీ ఇల్లు హైవే పక్కన. తొప్పూరు ఘాటు దిగే, ఎక్కే లారీలన్నీ మీ వాకిలి ముందు నుంచే పోతాయి. ఎగుడుదిగుడుగా పేర్చినట్టుండే సన్న పలకల రకం నువ్వు ఎంచుకున్నావు. దాని ప్రతి అంచు మీదా దుమ్ము, పొగ మసి కూర్చుంటాయి. మొదటి వానకు అదంతా నల్లటి చారలై దిగుతుంది. తుడవబోతే గుడ్డ చిరుగుతుంది తప్ప మసి పోదు. బేస్‌మెంట్ నుంచి కిటికీ అడుగు దాకా పట్టీలా వేయించు, గేటు పిల్లర్లు రెండింటికీ వేయించు. వాన చినుకులు నేల తాకి ఎగిరి పడేది, పిల్లలు బురద కాళ్లు ఆనించేది, బండి తగిలేది ఆ ఎత్తులోనే. రాయికి అక్కడ పని ఉంది. పైన మంచి ఎక్స్‌టీరియర్ రంగు చాలు. మనసు ఒప్పకపోతే వరండాలో సజ్జా నీడన ఉండే గోడకు కూడా వేసుకో, అక్కడ వాన తగలదు.

ఏ రాయి అంటావా? నువ్వు ఫోటో పెట్టింది అసలు రాయి కాదు. సిమెంటులో తేలిక కంకర, రంగు కలిపి అచ్చులో పోసిన పలక. చెడ్డదని కాదు, బరువు తక్కువ, గోడకు సుఖం. కొనే ముందు ఒక పలక విరిచి చూడు. రంగు లోపలి దాకా ఉంటే సరే, పైన పొరలా ఉండి లోపల బూడిద రంగు సిమెంటు కనబడితే తిరిగి ఇచ్చెయ్. మూలల దగ్గర కోసిన చోటల్లా ఆ బూడిద రంగు బయటపడుతుంది. నన్నడిగితే కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లోనే గ్రానైటు క్వారీలు ఉండగా అచ్చు పోసిన రాయి దేనికి? కోత మిల్లుల దగ్గర పెద్ద పలకల్లోంచి మిగిలిన ముక్కలు, పట్టీలు పడి ఉంటాయి. పాలిష్ లేనివి, ముఖం గరుకు చేసినవి ఏరుకుంటే బేస్‌మెంట్ పట్టీకి సరిపోతాయి. అల్లుడుగారికి బేరం ఆడటం వచ్చు కదా, ఆయన్ని పంపు.

మన వైపు బంధువుల మాట విని బేతంచర్ల నుంచో కడప నుంచో తెప్పించుకున్నా తప్పులేదు. అయితే అవి సున్నపురాళ్లు. ఒక ముక్క మీద నిమ్మకాయ పిండి చూడు, నురగ వస్తే సున్నపురాయి. అలాంటి రాతిని బాత్రూం యాసిడ్‌తో ఎప్పుడూ కడగకూడదు, ముఖం తినేస్తుంది. పని అయ్యాక సిమెంటు మరకలు పోవాలని మేస్త్రి మొదట చేతిలోకి తీసుకునేది ఆ సీసానే, గుర్తుపెట్టుకో. మార్కాపురం పలక రాయి కూడా దొరుకుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. దాంట్లో కొన్ని ముక్కల్లో ఇనుము ఉండి తుప్పు చారలు దిగుతాయి. ఒకటి రెండు ముక్కలు రాత్రి నీళ్లలో నానబెట్టి పగలు ఎండలో పెడుతూ వారం చూస్తే తెలిసిపోతుంది.

అంటించే పని దగ్గర మాత్రం నువ్వు కుర్చీ వేసుకుని కూర్చో. కోత మిల్లు నుంచి వచ్చిన పలకను తిప్పి వీపు మీద వేలితో గీయి. వేలికి తెల్లటి పిండి అంటుతుంది. రంపం కింద నీళ్లతో కలిసిన రాతి పొడి అలా ఎండి పొరై ఉంటుంది. పేస్టు ఎంత ఖరీదైనదైనా ఆ పిండికే అంటుకుంటుంది, రాతికి కాదు. ఊడి పడ్డ పలకల్ని ఎక్కడ చూసినా తిప్పి చూడటం నాకు అలవాటు. చాలాసార్లు పేస్టు అంతా గోడకే ఉంటుంది, రాతి వీపు అద్దంలా శుభ్రంగా ఉంటుంది. కాబట్టి ప్రతి పలక వీపూ బ్రష్షుతో కడిగించి ఆరబెట్టించు.

ఒట్టి సిమెంటు పాలతో అంటిస్తానంటే ఒప్పుకోకు. పేస్టు బస్తా మీద ఐ.ఎస్. 15477 అని, దాని పక్కన టైప్ సంఖ్య ఉంటాయి. బయటి గోడ రాతికి టైప్ 3కి తగ్గొద్దు. గోడకూ పూయాలి, పలక వీపుకూ పలచగా పూయాలి. మధ్యలో నాలుగు ముద్దలు పెట్టి నొక్కేసే పద్ధతి ఒకటుంది, దానివల్ల ముద్దల నడుమ ఖాళీల్లో నీళ్లు నిలుస్తాయి. మొదటి గంటలోనే, అంటించిన ఒక పలకను పేస్టు ఆరకముందే పీకించి చూడు. వీపంతా పేస్టు పరుచుకుని ఉండాలి. మేస్త్రికి కోపం వస్తుంది, రానీ. మీది తూర్పు ముఖం కాబట్టి ఆ గోడకు పని మధ్యాహ్నం తర్వాతే. పొద్దుటి ఎండలో గోడ కాలుతుంటే పేస్టు పై ముఖం తోలు కట్టి అంటుకోదు.

పట్టీ మాత్రమే అంటున్నాను కాబట్టి క్లాంపుల గొడవ నీకు లేదు. ఎవరి మాటో విని తలుపు ఎత్తు దాటి పైకి పోతే మాత్రం, పెద్ద పలకలకు పేస్టుతో పాటు స్టెయిన్‌లెస్ స్టీల్ క్లాంపులు కూడా ఉండాలి. మామూలు ఇనుప మేకులు వద్దు. తుప్పు పడితే ఇనుము ఉబ్బి రాతినే చీలుస్తుంది.

పలకల మధ్య సందు వద్దు, అతుకు కనబడకూడదు అని రాశావు. ఆరు మీటర్ల గ్రానైటు పట్టీ రాత్రి చలికీ మిట్టమధ్యాహ్నం ఎండకూ మధ్య, రాయి 40 డిగ్రీలు వేడెక్కితే, దాదాపు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ 2 మిల్లీమీటర్లకు చోటు ఇవ్వకపోతే పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని మధ్యలో పైకి లేస్తాయి. పలకకూ పలకకూ సన్న సందు, మూడు నాలుగు మీటర్లకొకసారి నిలువుగా ఒక సందు వదిలి దాంట్లో సిలికాన్ నింపమను. కింద కూడా రాతిని నేలకు ఆనించొద్దు. గచ్చు ఉన్నచోట రెండు అంగుళాలు, మట్టి ఉన్నచోట నాలుగు అంగుళాలు పైన ఆగాలి. లేకపోతే నేల తడి వెనక నుంచి ఎక్కుతుంది, చెదలకు కూడా చాటుదారి దొరుకుతుంది.

ఇంకో సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోకు. వాకిట్లో పొడి కట్టర్ పెట్టి రాయి కోస్తే లేచే తెల్లటి పొగ గ్రానైటు పొడి. అందులోని సిలికా ఊపిరితిత్తుల్లో దిగితే మళ్లీ బయటికి రాదు. కృత్రిమ క్వార్ట్జ్ పలకలు కోసే కార్మికులకు ఈ సిలికా వల్ల ఊపిరితిత్తుల జబ్బు వస్తోందని ఆస్ట్రేలియా 2024 జులై నుంచి ఆ పలకలనే నిషేధించింది. కోతంతా నీళ్లు పోస్తూ చేయాలని ముందే ఒప్పందంలో చెప్పు. కోసే కుర్రాడికి మంచి మాస్కులు నువ్వే కొనివ్వు, మేస్త్రి కొనడు. పిల్లల్ని ఆ రోజులు మీ అమ్మ దగ్గరికి పంపెయ్.

అంటించి వారం గడిచాక రూపాయి బిళ్లతో ఒక్కో పలకా కొట్టి విను. గట్టి శబ్దం, డొల్ల శబ్దం తేడా నీకే తెలుస్తుంది. డొల్లగా పలికినవాటి మీద సుద్దతో గుర్తు పెట్టి మార్పించాకే చివరి డబ్బు ఇవ్వు. సీలర్ వేయాలంటే రాతిలోకి ఇంకే రకం తీసుకో. పైన వార్నిష్‌లా మెరిసేది వద్దు, లోపలి తడి బయటికి రాక అదే పొక్కుతుంది. గోడ పూర్తిగా ఆరాకే వేయించు.

ఇప్పుడు వానలు ఇంకా పడుతూనే ఉన్నాయి కాబట్టి రాయి కొనడానికి తొందర లేదు. వాన లేని రోజులు చూసి పిట్టగోడ, పగులు పనులు మొదలుపెట్టు. సంక్రాంతి తర్వాత పైపు పరీక్ష చేసి నాకు ఫోన్ చెయ్. గోడ పొడిగా ఉంటే ముందు గేటు పిల్లర్లు రెండూ వేయించు, వాటితో ఆ మేస్త్రి చెయ్యి ఎలాంటిదో తెలిసిపోతుంది. బేస్‌మెంట్ పట్టీ అదే మనిషికి ఇవ్వాలా, వేరేవాళ్లను చూడాలా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం. ఈలోపు పట్టీ పొడుగు, ఎత్తు టేపు పెట్టి కొలిచి రాసి పంపు. కిటికీ కింది ఎత్తు ఎడమవైపు, కుడివైపు వేర్వేరుగా కొలువు. ఫోటోలో గచ్చు ఒకవైపు దిగినట్టు కనబడుతోంది.

అల్లుడుగారికి మా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మీ మామయ్య