ఫోనులో పేకాట: పంచువాడెవడు? సొమ్మెవరి చేత నున్నది?



చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో కూరగాయలు, పూలు పండించు మనము కాంటాను చూడక సరకు నీయము. సంఘమున దాచిన పైకమునకు లెక్క యడుగుదుము. అయినను మన యిండ్లలోని యువకులు ఫోనులో పందెమాడునపుడు ఏ లెక్కయు నడుగుట లేదు. 2022లో మనకు సమీపమున షాబాదు మండలములో భూసేకరణ పరిహారముగా వచ్చిన పైకములో సుమారు 92 లక్షల రూపాయలు ఫోను జూదమున పోయినట్లు పత్రికలు వ్రాసినవి. కావున ఫోనులో నాడు పోకరు అను పేకాటను గూర్చి మూడు సంగతులు తెలిసికొందము.

1. పంపకము. నలుగురు కూర్చుండి యాడునపుడు ముక్కలు కలుపుట కన్నులార చూతుము. ఫోనులో నా పనిని కంపెనీవారి యంత్రము చేయును; దానిని మనము చూడజాలము. అబ్సల్యూట్ పోకర్ అను విదేశీ కంపెనీలో లోపలివారి ఖాతా యొకటి ఎదుటివారి ముక్కలను చూచుచు నాడినట్లు 2007లో బయటపడెను. ఆటల లెక్కలను వరుసగా పరిశీలించి దానిని పట్టినవారు ఆటగాండ్రే.

2. సొమ్ము. ఫుల్ టిల్ట్ పోకర్ అను మరియొక కంపెనీ 2011 మార్చి ముగియునాటికి ఆటగాండ్రకు సుమారు 39 కోట్ల డాలర్లు చెల్లింపవలసియుండగా, బ్యాంకులలో నున్నది సుమారు 6 కోట్లేయని అమెరికా ప్రభుత్వ న్యాయవాదులు వెల్లడించిరి. తెరమీది నిలువ యంకె మాత్రమే, పైకము కాదు.

3. కంపెనీ వాటా. మోసమే లేదనుకొందము. ఐదుగురు తలకు 1,000 రూపాయలు తెచ్చి, ఒక్కొక్క యాటకు తలకు 100 చొప్పున నొడ్డిరనుకొనుడు. మొత్తము 500లో నూటికి 5 వంతున కంపెనీ 25 రూపాయలు తీసికొనును. నూరు ఆటలు ముగియుసరికి 5,000లో 2,500 కంపెనీకే చేరును. గెలిచినవాడెవడైనను మిగిలిన సగములోనే గెలువవలెను.

చట్టము మాటయు వినుడు. తెలంగాణములో 2017లోనే చట్టమును సవరించి ఇట్టి పందెములను నిషేధించిరి. 2025 ఆగష్టులో పార్లమెంటు చేసిన చట్టము దేశమంతటను పైకము పెట్టి యాడు ఆన్‌లైన్ ఆటలను నడుపుటను నేరముగ నెంచినది. కావున నేడు మన ఫోనునకు పందెపు పిలుపు పంపువాడు చట్టమునకు చాటున నుండువాడే. మన సంఘమునకు ఏటేట ఆడిట్ గలదు. సర్వసభ్య సమావేశమున నెవరైనను ప్రశ్నింపవచ్చును. వాని లెక్క చూచువారు లేరు. వాడు ఎగవేసిన నడుగుటకు చోటును లేదు.

ఇదివరకే సొమ్ము పోయిన యెడల, "ఇంకకొంత కట్టిన గెలుపు సొమ్ము వచ్చును" అను మాట నమ్మకుడు. చెల్లింపుల రశీదులు భద్రపరచి, వెంటనే 1930 నంబరునకు ఫోను చేసి, బ్యాంకునకు తెలుపుడు. ఇంటి బాలుడు తప్పు నొప్పుకొన్నపుడు కొట్టకుడు. భయపడినవాడు దాచును, దాచిన నష్టము పొలము గట్టు దాటువరకు పెరుగును.