రెండో కుర్చీలో కూర్చున్న కోచ్

అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే ఇంట్లో ఏమేం జరుగుతాయో మనకు బాగా తెలుసు. టీసీ తీసుకోవాలి, పెట్టెలు సర్దాలి, కొత్త స్కూల్లో ఏ సెక్షన్‌లో వేశారో కనుక్కోవాలి. పాత స్కూల్లో జట్టు కెప్టెన్‌గా ఉన్నా, కొత్త స్కూల్లో కొన్నాళ్లు బెంచీ మీద కూర్చోక తప్పదు. ఊళ్లూ దేశాలూ మారుతూ 40 ఏళ్లు బాస్కెట్‌బాల్ నేర్పిన ఒక ఇటలీ కోచ్ గురించి ఈసారి తెలుసుకుందాం. ఆయన పేరు ఎత్తోరె మెస్సీనా.

మెస్సీనా 1959లో సిసిలీ ద్వీపంలోని కతానియాలో పుట్టాడు. పెరిగింది మాత్రం దేశానికి మరో కొసన ఉన్న వెనిస్ వైపు. ఇరవై ఏళ్లు నిండకముందే అక్కడి పిల్లల జట్లకు ఆట నేర్పడం మొదలుపెట్టాడు. తర్వాత బొలోన్యా నగరంలోని విర్తుస్ క్లబ్బులో సహాయక కోచ్‌గా చేరి, 1989లో అదే జట్టుకు ప్రధాన కోచ్ అయ్యాడు. అప్పటికి ఆయనకు ముప్పై కూడా నిండలేదు. 1993లో విర్తుస్ ఇటలీ లీగ్ గెలిచాక జాతీయ జట్టు బాధ్యత ఆయనకు అప్పగించారు. 1997 యూరప్ పోటీల్లో ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్లి రజతం తెచ్చింది.

యూరప్ క్లబ్బులకు అన్నిటికన్నా పెద్ద పోటీ యూరోలీగ్. మెస్సీనా తిరిగి విర్తుస్‌కు వచ్చాక 1998లో దాన్ని గెలిచాడు. ఫైనల్లో ఏథెన్స్ జట్టు మీద స్కోరు 58-44. పెద్దవాళ్ల ఫైనల్లో ఒక జట్టు 44 పాయింట్ల దగ్గరే ఆగిపోయిందంటే అవతలి జట్టు ఎంత గట్టిగా అడ్డుకుందో ఊహించుకోవచ్చు. బంతి చేతికొచ్చిన జట్టు 24 సెకన్లలోగా బుట్ట వైపు విసరాలి. ఆ 24 సెకన్లూ ప్రత్యర్థికి తేలికైన షాట్ దొరక్కుండా చేయడమే రక్షణ. మెస్సీనా జట్లకు పేరు తెచ్చింది ముఖ్యంగా అదే.

2000లో అర్జెంటీనా నుంచి వచ్చిన మనూ జినోబిలి అనే యువకుడు ఆ జట్టులో చేరాడు. మరుసటి ఏడాది విర్తుస్ మళ్లీ యూరోలీగ్ గెలిచింది, ఫైనల్ ఉత్తమ ఆటగాడు జినోబిలియే. ఈ పేరు గుర్తుంచుకోండి, ముందు మళ్లీ వస్తుంది.

తర్వాత మెస్సీనా త్రెవీజోలో మూడేళ్లు పనిచేసి, 2005లో మాస్కో వెళ్లాడు. అక్కడి సీఎస్‌కేఏ జట్టు 1971 తర్వాత యూరప్ కప్పు ముట్టుకోలేదు. ఆయన వచ్చిన మొదటి సీజన్‌లోనే, అంటే 2006లో, గెలిచింది. 2008లో మళ్లీ గెలిచింది. మధ్యలో 2007 ఫైనల్ 91-93తో పోయింది. 2009 ఫైనల్లో సగం ఆట అయ్యేసరికి 20 పాయింట్లు వెనకబడి, చివరి క్షణం దాకా తరుముకుంటూ వచ్చి 71-73తో ఓడింది. ఆఖరి షాట్ గురి తప్పింది. రెండుసార్లూ గెలిచింది ఏథెన్స్‌కు చెందిన పానాథినైకోస్ జట్టే, రెండుసార్లూ తేడా రెండే పాయింట్లు.

ఆ తర్వాత మాడ్రిడ్ వెళ్లాడు. అక్కడ కుదరలేదు. 2011 మార్చిలో, సీజన్ సగంలో రాజీనామా చేశాడు. లాస్ ఏంజెలెస్‌లో ఒక ఏడాది సలహాదారుగా ఉండి, మాస్కోకు తిరిగివచ్చి రెండేళ్లు పనిచేశాడు. నాలుగు యూరోలీగ్‌లు గెలిచిన ఆ మనిషి, 54 ఏళ్ల వయసులో, 2014లో అమెరికాలోని శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టుకు సహాయక కోచ్‌గా వెళ్లాడు. అక్కడ 1996 నుంచీ అప్పటిదాకా ప్రధాన కోచ్‌గా ఉన్నది గ్రెగ్ పోపోవిచ్. మెస్సీనాది ఆయన పక్క కుర్చీ.

ఆట అదే అయినా అక్కడి నిబంధనలు వేరు. యూరప్‌లో మ్యాచ్ 40 నిమిషాలు, ఎన్‌బీఏలో 48. మూడు పాయింట్ల గీత యూరప్‌లో బుట్టకు 6.75 మీటర్ల దూరంలో ఉంటే, ఎన్‌బీఏలో ఎదురుగా 7.24 మీటర్ల దూరంలో ఉంటుంది. యూరప్‌లో ఐదు ఫౌళ్లు చేస్తే బయటికి, అక్కడ ఆరు చేస్తే. టైమౌట్ అడిగే హక్కు యూరప్‌లో కోచ్‌లదే. ఎన్‌బీఏలో బంతి తన జట్టు దగ్గరున్నప్పుడు ఆటగాడూ అడగవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైన తేడా ఇంకొకటి ఉంది. ఎన్‌బీఏలో రక్షకుడు ఎవరినీ దగ్గరగా కాయకుండా బుట్ట ముందు రంగు గడిలో మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. యూరప్‌లో ఆ అడ్డు లేదు. రక్షణలో పేరుపొందిన కోచ్‌కు ఇదేమంత చిన్న మార్పు కాదు. సిలబస్ మారిన స్కూల్లో లెక్కలు చేసినట్టే అనిపిస్తుంది మాకు.

ఆ జట్టులో ఆయనకు తెలిసిన ముఖం ఒకటి ఉంది. జినోబిలి! 2002లో బొలోన్యా నుంచి నేరుగా శాన్ ఆంటోనియో చేరి, అప్పటికే అక్కడ పెద్ద తార అయ్యాడు. ఒకప్పుడు మెస్సీనా నడిపిన కుర్రాడు ఇప్పుడు ఆ ఊరికి పాత కాపు. కొత్తగా వచ్చింది మెస్సీనాయే.

2014 నవంబరులో పోపోవిచ్ రాలేని రెండు మ్యాచ్‌లకు మెస్సీనా ముందు కుర్చీలోకి జరిగాడు. రెండూ గెలిచి, మళ్లీ పక్క కుర్చీకి వెళ్లాడు. 2018 ఏప్రిల్‌లో ప్లేఆఫ్స్ జరుగుతుండగా పోపోవిచ్ భార్య మరణించారు. గోల్డెన్ స్టేట్‌తో మిగిలిన మూడు మ్యాచ్‌లూ మెస్సీనాయే నడిపాడు. ఒకటి గెలిచి రెండు ఓడారు. సిరీస్ ముగిసిన ఆ చివరి మ్యాచే జినోబిలి ఆడిన ఆఖరి ఆట కూడా అయింది. ఆగస్టులో అతను ఆట మానేశాడు.

అయిదేళ్లు పక్క కుర్చీలో గడిపి, 2019లో మెస్సీనా మిలాన్ నగరపు ఒలింపియా జట్టుకు ప్రధాన కోచ్‌గా ఇటలీ చేరాడు. 1992 తర్వాత యూరోలీగ్ చివరి నాలుగు జట్లలోకి రాని ఒలింపియా 2021లో వచ్చింది. సెమీఫైనల్లో బార్సిలోనా చేతిలో 82-84. మళ్లీ రెండు పాయింట్లే! ఆపైన 2022, 2023, 2024, వరుసగా మూడేళ్లు ఇటలీ లీగ్ మిలాన్‌దే. మిలాన్‌లో ఆయనకు మ్యాచ్ మళ్లీ 40 నిమిషాలు, ఫౌళ్లు మళ్లీ ఐదు అయ్యాయి.