దంతవైద్యుని చీటీ – రోగి రహస్యం

పన్ను నొప్పితో దంతవైద్యుని వద్దకు వెళ్లినవాడు నోరొక్కటే తెరవడు. తన జీవితంలో కొంత భాగాన్ని కూడా తెరచి చూపుతాడు. మత్తుమందు ఇవ్వడానికి ముందు మధుమేహం, గుండెజబ్బు, పొగాకు అలవాటు, స్త్రీలయితే గర్భం – వీటన్నిటినీ వైద్యుడు అడిగి వ్రాసుకొంటాడు. ఆ చీటీలోని మాట బయటికి పొక్కితే కుదిరిన పెళ్లి చెడవచ్చు, దొరికిన ఉద్యోగం జారవచ్చు. మరి దానిని కాపాడే చట్టం కేంద్రానిదా, రాష్ట్రానిదా?

సమాధానానికి మూలం రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలులో ఉన్నది. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోనివి. వైద్యవృత్తి ఉమ్మడి జాబితాలోనిది. అనగా ఆసుపత్రి నడిచే తీరు ప్రధానంగా రాష్ట్రం చూడవలసినది. వైద్యుని నడవడి ఇరువురూ చూడదగినది. ఉమ్మడి విషయంలో రెండు శాసనాలు పరస్పరం విరుద్ధమైతే 254వ అధికరణం ప్రకారం సాధారణంగా కేంద్ర శాసనమే చెల్లుతుంది. రాష్ట్రపతి ఆమోదం పొందిన రాష్ట్ర శాసనం మాత్రం ఆ రాష్ట్రం మేరకు నిలుస్తుంది.

వైద్యుని నడవడికి మొదట ఆధారమైనది 1948 నాటి కేంద్ర దంతవైద్యుల చట్టం. దాని కింద భారత దంతవైద్య మండలి 2014లో ప్రకటించిన నీతినియమావళి, రోగుల రికార్డులను కనీసం 3 సంవత్సరాలు భద్రపరచవలెనని, రోగి రహస్యాన్ని కాపాడవలెనని చెప్పినది.

ఆసుపత్రి విషయానికి మన రాజేంద్రనగర్‌నే ఉదాహరణగా తీసుకొందాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వైద్యసంస్థల నమోదుకు 2002లో రాష్ట్ర చట్టం వచ్చినది. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు పాత చట్టాలు ఇక్కడ కొనసాగినవి. తరువాత తెలంగాణ 2010 నాటి కేంద్ర చట్టాన్ని స్వీకరించినది. ఆసుపత్రులు రాష్ట్ర విషయం కనుక, 252వ అధికరణం ప్రకారం కొన్ని రాష్ట్రాలు కోరిన మీదటనే పార్లమెంటు ఆ చట్టం చేసినది. ఇతర రాష్ట్రాలు శాసనసభ తీర్మానంతో దానిని స్వీకరించవచ్చు. ఈ విధంగా రాజేంద్రనగర్‌లోని దంతవైద్యశాలకూ, కర్నూలులోని దానికీ నమోదు చట్టాలు వేరయినా, వైద్యుని నీతినియమం ఒక్కటే.

రహస్యానికి మరింత బలం చేకూర్చినది సుప్రీంకోర్టు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పినది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసినది. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడినవి. ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చినవి. ఇది ఇతర చట్టాలకు తోడుగా ఉంటుంది. వైరుధ్యం కలిగినచోట మాత్రం ఇదే పైచేయి. ‘నా రికార్డు చెరిపివేయండి’ అని రోగి కోరవచ్చు. కాని వేరొక చట్టం భద్రపరచమన్న కాలంలో వైద్యుడు దానిని చెరపనక్కరలేదు. అయితే కంప్యూటరుకు ఎక్కని కాగితపు రిజిస్టరుకు ఈ చట్టం వర్తించదు. అక్కడ రోగికి ప్రధానమైన అండ వైద్యుని నీతినియమమే.

మన తెలుగువారు అనేకులు స్థిరపడిన అమెరికాలో పద్ధతి వేరు. అక్కడి 1996 నాటి ఫెడరల్ చట్టం కనీస రక్షణ మాత్రమే. రోగి గోప్యతకు అంతకన్న ఎక్కువ రక్షణనిచ్చే రాష్ట్ర చట్టం ఉంటే అదే నిలుస్తుంది. కాలిఫోర్నియాకు 1981 నుండే అటువంటి చట్టం ఉన్నది. ఇక్కడ వైరుధ్యం వచ్చినప్పుడు ‘ఎవరి శాసనం?’ అని అడుగుతాం. అక్కడ ‘ఏ శాసనం రోగిని ఎక్కువగా కాపాడుతుంది?’ అని అడుగుతారు.

విద్యార్థులు గ్రహించవలసినది ఇదే. ఉర్దూలో ‘అమానత్’ అనే చక్కని మాట ఉన్నది – నమ్మి అప్పగించిన సొమ్ము అని అర్థం. చీటీ వైద్యుని బీరువాలో ఉన్నా, అందులోని రహస్యం రోగి అమానత్. రేపు మీలో ఒకరు వైద్యులు కావచ్చు, ఒకరు ఆసుపత్రి గుమాస్తా కావచ్చు. రోగులు మనమందరమూ అవుతాము. కేంద్రమైనా, రాష్ట్రమైనా శాసనం గీత గీయగలదు. ఆ గీత దాటకుండా నిలవవలసినది బీరువా తాళంచెవి పట్టిన చేయి.