పనిని కొలిచి రాయండి, మర్యాద మనిషికి చూపండి

"సార్, చిన్న డౌట్." మన ఆఫీసుల్లో ఈ మాట వినపడని రోజు ఉండదు. ఆ తర్వాత అడిగేది ప్రాజెక్టు మొత్తాన్ని కదిలించే ప్రశ్న అయినా సరే, ముందు "చిన్న" తగిలించాల్సిందే. "చిన్న పని పడింది", "చిన్న సాయం చేసిపెట్టాలి" అని ఇంట్లోనూ అదే పద్ధతి. లక్షల్లో అప్పు అడగవచ్చినవాళ్ళు కూడా "చిన్న అవసరం పడింది అన్నయ్యా" అనే మొదలుపెడతారు. తెలుగులో ఈ "చిన్న" మర్యాద కోసం వేసేది. వినేవాళ్ళకూ ఆ సంగతి తెలుసు కాబట్టి ఇబ్బంది లేదు.

ఇంగ్లిష్‌లో రాసే ఆఫీసు కాగితం దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. అక్కడ స్మాల్, మైనర్, లిటిల్, జస్ట్ లాంటి మాటల్ని చదివేవాళ్ళు కొలతగానే తీసుకుంటారు. మనం వినయంగా రాసుకున్నది వాళ్ళ చేతిలో మన పని విలువ అయి కూర్చుంటుంది.

మా అన్నయ్య కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కిందటేడు అప్రైజల్ ఫారం నింపి, "ఒకసారి చూడు బాబాయ్" అని పంపాడు. అందులో ఒక వాక్యం: "ఐ జస్ట్ డిడ్ ఎ స్మాల్ ఫిక్స్ ఇన్ ది బిల్లింగ్ మాడ్యూల్."

"ఈ పనికి ఎన్నాళ్ళు పట్టిందిరా?" అని అడిగాను.

"మూడు రాత్రులు. తప్పెక్కడుందో కనిపెట్టడానికే రెండు పోయాయి. మార్చింది మాత్రం నాలుగు లైన్లే, అందుకే స్మాల్ అన్నాను."

ఆ నాలుగు లైన్ల వల్ల కస్టమర్లకు ఒకే బిల్లు రెండుసార్లు పడటం ఆగింది. ఆ ముక్క ఫారంలో ఎక్కడా లేదు. దాన్ని చదివే మేనేజరు ఉండేది అమెరికాలో. వీడు మేలుకున్న రాత్రులు ఆయన చూడలేదు, కాగితం మీద ఉన్నదే ఆయనకు తెలుస్తుంది. ఇద్దరం కూర్చుని మార్చాం: "ఐ ఫౌండ్ అండ్ ఫిక్స్‌డ్ ది ఎర్రర్ దట్ వాజ్ బిల్లింగ్ కస్టమర్స్ ట్వైస్." ఇందులో గొప్పలు చెప్పుకున్నది ఏమీ లేదు. జస్ట్, స్మాల్ తీసేసి, జరిగింది జరిగినట్టు రాశాం.

జస్ట్, ఓన్లీ

"ఐ యామ్ జస్ట్ ఎ ఫ్రెషర్" అని ఇంటర్వ్యూలో అనకండి. ఫ్రెషర్ అన్న సంగతి రెజ్యూమెలోనే ఉంది. జస్ట్ చేర్చగానే "నా నుంచి పెద్దగా ఆశించకండి" అని మీరే చెప్పినట్టవుతుంది.

ఓన్లీతో చిక్కు ఇంకోరకం. తెలుగులో "నేనే చేశాను" అంటే ఆ "ఏ" మాటకు బలం. దాన్ని అలాగే ఇంగ్లిష్‌లోకి దించి "ఐ ఓన్లీ డిడ్ ఇట్" అంటాం. తెలుగువాళ్ళకు అర్థమవుతుంది. లండన్‌లోనో డల్లాస్‌లోనో వినేవాళ్ళకు మాత్రం "ఏదో అంతే చేశాను" అన్నట్టు వినిపించవచ్చు. "ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్" అనండి, మీ "నేనే" చెక్కుచెదరకుండా చేరుతుంది.

లిటిల్‌కూ ఎ లిటిల్‌కూ మధ్య

"ఐ హావ్ లిటిల్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ ట్యాలీ" అంటే అనుభవం లేనట్టే లెక్క. "ఎ లిటిల్" అంటే కొంత ఉన్నట్టు. ఫ్యూ, ఎ ఫ్యూ కూడా అంతే. "ఫ్యూ కస్టమర్స్ కంప్లైన్డ్" అంటే ఫిర్యాదులు లేనట్టే, "ఎ ఫ్యూ" అంటే కొన్ని వచ్చాయని. తెలుగులో "ఎ", "ది" లాంటివి లేవు కాబట్టి ఆ ఒక్క అక్షరం మన నోట్లోంచి సులువుగా జారిపోతుంది. దీనికి మంచి విరుగుడు అంకె. "సిక్స్ మంత్స్ ఆన్ ట్యాలీ", "ఫోర్ కంప్లైంట్స్" అని రాస్తే వ్యాకరణంతో పేచీయే ఉండదు.

మైనర్ అంటే ముఖ్యం కానిదనా?

ఈ మాట ఆఫీసుల్లో, చట్టాల్లో ఒక తరగతి పేరు. ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్ళకు ఇది బాగా తెలుసు. అక్కడ డీవియేషన్లను, అంటే రాసిపెట్టుకున్న పద్ధతి తప్పిన సందర్భాలను, మైనర్, మేజర్, క్రిటికల్ అని విడదీస్తారు. ఏది దేనికిందకు వస్తుందో కంపెనీ రాసిపెట్టుకున్న పద్ధతి చెబుతుంది. దాన్ని చూడకుండా "మైనర్ ఇష్యూ" అని మెయిల్లో రాసేస్తే, మీకు తెలియకుండానే ఒక నిర్ణయం రాసి ఇచ్చినట్టు. రేపు ఆడిట్‌లో ఆ మెయిలే ముందుకొస్తుంది.

మన నీటిపారుదల శాఖ లెక్కలో 2,000 హెక్టార్ల ఆయకట్టు దాకా ఉన్నది మైనర్ ఇరిగేషన్. అంటే దాదాపు 5,000 ఎకరాలు పండించే చెరువు కూడా ఆ లెక్కలో మైనరే. ఇళ్ళు కట్టే ఇసుక, కంకర 1957 నాటి గనుల చట్టంలో మైనర్ మినరల్స్.

స్మాల్ కూడా ఇలాంటిదే. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పరిమితుల ప్రకారం పెట్టుబడి 25 కోట్లు, టర్నోవర్ 100 కోట్ల రూపాయలు దాటని సంస్థ స్మాల్ ఎంటర్‌ప్రైజ్. ఆ హోదాకు అక్కర కూడా ఉంది. సరుకు తయారుచేసో, సేవ చేసో ఇచ్చిన మైక్రో, స్మాల్ సంస్థలకు కొన్నవాళ్ళు 45 రోజులు మించకుండా డబ్బు చెల్లించాలని చట్టం చెబుతుంది. ఆ రక్షణ మీడియం సంస్థలకు లేదు. మీ యజమాని సంస్థ స్మాల్ అయితే, బాకీ అడిగే మెయిల్లో ఆ మాట ధైర్యంగా రాయాల్సిందే. ఇలాంటి మాట కాగితంలో కనపడగానే "ఎవరి లెక్క ప్రకారం?" అని అడిగి తెలుసుకోండి.

వయసు చెప్పే మాటలు

విదేశాల్లో నర్సులుగా పనిచేస్తున్న మన అమ్మాయిలు షిఫ్టు అప్పగించేటప్పుడు "స్మాల్ బేబీ" అంటే సరిపోదు. వయసు తక్కువనా, బరువు తక్కువనా? పుట్టిన 28 రోజుల లోపు బిడ్డ నియోనేట్, ఏడాది నిండేదాకా ఇన్‌ఫాంట్. పుట్టినప్పుడు 2,500 గ్రాముల కన్నా తక్కువ ఉంటే లో బర్త్ వెయిట్. మాటకు తోడు రోజులు, గ్రాములు చెబితే తర్వాతి షిఫ్టువాళ్ళు పొరబడరు.

టీములో తక్కువ వయసువాళ్ళను "కిడ్స్" అనో, ఆడవాళ్ళను "గర్ల్స్" అనో పిలిస్తే చాలామంది నొచ్చుకుంటారు. "మై టీమ్" అంటే చాలు. అమెరికాలో మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకునే పనిలో ఉన్నవాళ్ళు ప్రకటనలో "యంగ్" అని రాయకూడదు. వయసు వివక్షను అడ్డుకునే 1967 చట్టం అక్కడ 40 ఏళ్ళు, ఆపైన ఉన్నవాళ్ళకు రక్షణ ఇస్తుంది.

మరి వినయం?

వినయాన్ని వదులుకోమని చెప్పడం లేదు. అది మన పెంపకం. దాని చోటు మార్చమంటున్నాను. అడిగే తీరులో ఉంచండి: "కుడ్ యూ ప్లీజ్", "వెన్ యూ హావ్ టైమ్". "స్మాల్ డౌట్" బదులు "ఐ హావ్ ఎ క్వశ్చన్" అనండి. డౌట్ అంటే మన వాడుకలో సందేహం, విదేశాల్లో వినేవాళ్ళలో చాలామందికి అపనమ్మకం. మనిషి ముందు తగ్గండి, పనిని మాత్రం ఉన్నంత చెప్పండి.

మెయిల్ పంపేముందు జస్ట్, ఓన్లీ, స్మాల్, లిటిల్, మైనర్ అనే ఐదు మాటల్నీ వెతకండి. కనపడిన ప్రతిచోటా ఆగి, నిజంగా ఇది కొలతేనా అని చూసుకోండి. కొలతే అయితే ఉంచండి.

ఈ ఏడు మావాడు ఫారం తనే రాసి పంపాడు. వెతికితే ఒక్కచోట "మైనర్" కనపడింది. స్క్రీన్ మీద ఒక పదంలో అక్షరదోషం సరిచేసిన పని. ఎంతసేపు పట్టిందని అడిగితే రెండు నిమిషాలన్నాడు. ఆ మాటను అలాగే ఉంచమన్నాను.